సునీత ఎక్కడ పుట్టింది

"ఆంటీ, ఈ పౌరసత్వం ఫారంలో జోవన్నా వాళ్లమ్మ పుట్టిన ఊరు అడుగుతున్నారు. సునీతక్క ఎక్కడ పుట్టింది?"

ఎక్కడ పుట్టిందా? రాయమ్మా, రాయి. తెనాలి అని రాయి. ఆ ఒక్క ముక్క రాయడానికి నాకు చెయ్యి రాకే నిన్ను పిలిపించుకున్నాను. నా కూతురు తెనాల్లో పుట్టింది కాబట్టి నా మనవరాలు బ్రిటిష్ కాదట. నా కొడుకు లీడ్స్‌లో పుట్టాడు కాబట్టి, ఈ దేశంలో, ఇక్కడి ఫ్లాట్ బుష్‌లో వాడి పిల్లలిద్దరూ పుట్టుకతోనే బ్రిటిష్ అట. ఇటు అమ్మమ్మనీ నేనే, అటు నాయనమ్మనీ నేనే. ఒళ్లు మండదూ?

నువ్వు టైపు చేస్తూనే విను. నేను నర్సుగా లీడ్స్ వెళ్లేసరికి నాకు ఇరవై రెండు. కాదు కాదు, ఇరవై మూడు, మా తమ్ముడు బాప్తిస్మం తీసుకున్న ఏడు. ముసలాళ్ల వార్డు. ఎత్తడం, కడగడం, తిట్లు తినడం. ఆరేళ్లకి ప్రమాణం చేసి ఆ దేశపు పౌరురాలినయ్యాను. ఆ తర్వాతే కడుపు. చూశావా, అన్నీ వరసలోనే చేశాను, ఎక్కడా తప్పు లేదు. అప్పుడొచ్చింది మా అమ్మ ఉత్తరం. తొలి కాన్పు పుట్టింట్లో కాకపోతే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోనే అని. మీ అంకుల్ సరేసరి. ప్రభువు ముందే తీసుకెళ్లాడు గానీ, లేకపోతే ఇవాళ నా చేతిలో అయిపోయేవాడు. "వెళ్లు, అత్తయ్యగారు బాధపడతారు" అన్నాడు. ఎప్పుడూ లేని ప్రేమ అత్తగారి మీద!

మా వార్డు సిస్టర్, తెల్లావిడ, ఏమందో తెలుసా? "కింద అంతస్తులో ప్రసూతి వార్డు పెట్టుకుని విమానమెక్కి పోతావా?" అంది. నాకెంత కోపమొచ్చిందనీ! మా పద్ధతులు దానికేం తెలుసు అనుకున్నా. ఏడో నెలలో వెళ్లా. కాయం తిన్నా, మంచం కింద పొగ వేయించుకున్నా, మా అమ్మ చేత వేడి నీళ్లు పోయించుకున్నా. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. పిల్లకి మూడో నెల రాగానే ఎత్తుకుని లీడ్స్ వచ్చేశా. కొడుకు నాటికి అమ్మ లేదు, కింద అంతస్తులోనే కన్నాను. అంతే తేడా.

అప్పుడెవడైనా చెప్పాడా? బయట పుట్టిన పిల్లకి తల్లి నుంచి పౌరసత్వం వస్తుంది గానీ, ఆ పిల్ల మళ్లీ తన పిల్లల్ని బయట కంటే వాళ్లకి రాదని? ఇక్కడ హెండర్సన్‌లో కాగితాలు చూసే ఒకాయన, మేం కుర్చీలో కూర్చోకముందే "రాదు" అన్నాడు. ఎనిమిదేళ్లు ఆ మాట నమ్మాం, బుద్ధి లేక. మొన్న జోవన్నాయే ఎక్కడెక్కడో చదివి పట్టుకుంది. బిడ్డ పుట్టకముందు తల్లి మూడేళ్లు వరసగా అక్కడ ఉండి ఉంటే, పద్దెనిమిది నిండేలోపు అడగొచ్చట. సునీత ఏడేళ్లొచ్చేదాకా అక్కడే పెరిగిందే, ఆ తర్వాతే కదా మేం ఈ దేశం వచ్చింది! దాని టీకాల కార్డు, బడి రిపోర్టులు, అన్నీ ఆ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. "అమ్మమ్మా, నువ్వు చేసిన ఊళ్లోనే నర్సుగా చేస్తా" అంటుంది పిచ్చిది. దానికి పద్దెనిమిది ఇంకా పంతొమ్మిది రోజుల్లో.

ఏంటి ఆగావు? తల్లి సంతకమా? తెలుసు. అందుకే కదా ఈ రంకెలన్నీ.

మూడు నెలలైంది సునీతతో మాటల్లేవు. చర్చి అయ్యాక కొడుకింట్లో భోజనాలు. కోడలు, మంచిదేలే, కానీ నోరాగదు, "మా పిల్లలకి పాస్‌పోర్టులు ఎప్పుడో వచ్చేశాయి వదినా" అంది. సునీత కంచం పక్కన పెట్టి నా వంక తిరిగింది. "నన్ను అక్కడికెళ్లి ఎందుకు కన్నావమ్మా? తమ్ముడికొక లెక్క, నాకొక లెక్కా?" అంది. అందరి ముందూ. నేనూరుకోవచ్చుగా? "నిన్ను కని నేనేం బావుకున్నానే" అన్నాను.

అన్నాను తల్లీ, నోటితోనే. ఆ చట్టం రాసినవాణ్ని తిట్టాను, ఆ కాగితాలాయన్ని తిట్టాను, చచ్చిపోయిన మా అమ్మని కూడా తిట్టాను. ఆ మాట వాళ్లెవరూ అనలేదు. మీ అమ్మకి నేనే చెబుతాలే అని జోవన్నాని ఆపాను. సునీతకి కూతురి సంగతి చెబుదామని ఫోన్ తీసినప్పుడల్లా, ముందు అదే చెయ్యనీ, పెద్దదాన్ని నేను అని పక్కన పడేశాను. ఇక్కడ రోజులు అయిపోతుంటే నా పెద్దరికం నాకు!

ఆ ఫోన్ ఇటివ్వు. నంబరు నువ్వే నొక్కు. నువ్వెళ్లి కాసేపు బయట నిలబడమ్మా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నోరు జారని బుద్ధి నీకివ్వాలి.

ఆఁ... మోగుతోంది.

సునీ... అమ్మనే. పెట్టెయ్యకు. తిట్టు, నీ ఇష్టమొచ్చినంతసేపు తిట్టు, వింటాను. ముందొచ్చి సంతకం పెట్టవే...