ఇసుక సర్వలో నారింజ రొట్టెలు

1988 ఫిబ్రవరి. కారేపల్లి దాటాక అడవి అంచున ఒక తండా. మధ్యాహ్నం పూట పొయ్యి ముందు చాంది, ఆమె చెల్లెలు, పదమూడేళ్ల హేమ్లి. యాడి, అంటే వాళ్ల అమ్మ, ఇంట్లో లేదు.

“పిసకకే హేమ్లీ! చపాతి పిండి కాదు గిది. వేళ్ల కొసలతోటి ఉత్తగ కలుపు.”

“డాల్డా కరుగుతలేదక్కా.”

“కరగొద్దు. రవ్వ తీర్గ కావాలె, గంతే.”

“పేరేమన్నవ్? స్కూలా?”

“స్కోను. దొరల రొట్టె.”

“నువ్వు వంట చేసే మిషన్ దవాఖానాల పేషెంట్లకు రోజూ గివే పెడ్తరా?”

“పేషెంట్లకు అన్నం, పప్పు. గివి దొరసాని సిస్టరమ్మకు. పండుగ నాడైతే అందరికీ తలా ఒకటి. నారింజ తొక్క ఆ రేకు మీద రుద్దు, జల్దీ.”

“జల్దీ జల్దీ అనుకుంట నువ్వే అటిటు తిరుగుతున్నవ్. జర కూసోరాదు. పొద్దుగాల సంది రోడ్డు దిక్కేం చూస్తున్నవ్?”

“ఏం లేదు.”

“ఇగో, మల్ల చూసినవ్.”

“ఇసుక కాగిందా చూడు.”

“సర్వ గిన్నెల ఇసుక పోసి రొట్టె కాలుస్తరా ఎవరన్న! యాడి చూస్తే ఇద్దర్నీ తిడ్తది.”

“యాడి మిరప తోట కాడ ఉంది, మాపటిదాకా రాదు. దవాఖానాల ఇనుప పొయ్యి ఉంటది, కింద మంట, మీద మంట. మనింట్ల ఇసుకనే పొయ్యి. మూత మీద నిప్పులు పోస్తం. రుద్దినవా?”

“రుద్దుతున్న. నువ్వు మేకుతోటి పొడిచిన రేకు గరగర అంటుంది. వాసన మస్తుందక్కా! అవ్ గని, నడివారంల ఎట్ల వచ్చినవ్? సెలవిచ్చిన్రా?”

“ఇచ్చిన్రు.”

“ఎన్ని దినాలు?”

“లోపలి తెల్ల పొర రుద్దకు, చేదొస్తది.”

“ఎన్ని దినాలని అడుగుతున్న.”

“చేదొస్తదే... అయ్యో, నెత్తురు! హేమ్లీ, వేలు!”

“ఏది? ఆఁ... రేకు కోసినట్టుంది.”

“నొప్పి పుట్టలేదా?”

“చిన్నదే గదా.”

“చిన్నది కాదు, పిండిల కారుతుంది. చెయ్యి గిటియ్యి. నిమ్మకాయ పిండుత, ఆగు.”

“అమ్మో, వద్దక్కా, మండుతది!”

“మండుతుందా?”

“మొకం తిప్పుకున్న, పిండు ఇగ.”

“చెప్పు, మండుతుందా?”

“పిండినవా?”

“పిండిన. చెక్కంత పిండిన.”

“సల్లగుంది. పాత నిమ్మకాయేమో.”

“కండ్లు మూసుకో.”

“ఎందుకు?”

“ఆటనే. ముయ్యి, ముయ్యి. ఇప్పుడేం చేస్తున్న?”

“ఏం చేస్తలేవ్.”

“ఇప్పుడు?”

“మోచెయ్యి మీద గిచ్చినవ్. అబ్బా!”

“ఇప్పుడు?”

“ఏం లేదు. కండ్లు తెరుస్తున్న... అక్కా, నా వేలు గంత గట్టిగ ఒత్తుతున్నవేంది? ఎందుకేడుస్తున్నవ్?”

“పొగ. నీ చేతి మీద ఈ పాలిపోయిన మచ్చ ఎప్పటి సంది?”

“తెల్వదు. పోయినేడాది సంది ఉంది. పోయిన నెల వచ్చినప్పుడు నువ్వే చూసి, ఏందిదని అడిగినవ్ గదా.”

“అవ్, అడిగిన. అప్పటి సంది నాకు కంటి మీద కునుకు లేదు. డాక్టరమ్మకు చెప్పిన. నిన్ను చూడనీకి ఆమె జీపుల వస్తుంది.”

“గందుకా రోడ్డు చూస్తున్నవ్?”

“అవ్.”

“అక్కా, గది ఏం దవాఖానా?”

“మిషన్ దవాఖానా.”

“ఏం రోగానికి?”

“అన్ని...”

“అన్నిటికా? నా మొకం చూసి చెప్పు. కుష్టు దవాఖానానా?”

“...అవ్.”

“నేను పోను.”

“వినే.”

“నేను పోను! రామ్‌సింగ్ వాళ్ల అవ్వకు గదే రోగమొస్తే తండా అవతల గుడిసె ఏసిన్రు. నీళ్లు దూరంకెల్లి పోసిన్రు. సచ్చిందాక ఒక్కలు కూడ గా గుడిసెల అడుగు పెట్టలే. నన్నుగూడ గట్లనే...”

“గప్పుడు మందు లేకుండె.”

“పిండి పారెయ్. నేను ముట్టిన.”

“పారెయ్య. నెత్తురంటిన ముద్ద తీసేసిన, వేలుకు గుడ్డ కట్టిన. మిగిలింది బిళ్లలు చెయ్యి. మందం ఉండాలె, బొటనవేలంత.”

“ఎవరు తింటరక్కా?”

“నేను తింట. చెయ్యి. మంచిగున్నయ్. ఇసుక మీద పళ్లెం పెట్టు. మూత... హేమ్లీ! వట్టి చేత్తోటి పట్టకు! పట్టుకారు తీసుకో. నీ చెయ్యికి కాలింది తెల్వదే. ఇగ ఎన్నడూ వట్టి చేత్తోటి పట్టకు.”

“కేకలెయ్యకు. పెట్టిన. ఎంతసేపు?”

“అన్నం ఉడికి దిగేంత సేపు. రోడ్డు మీద ఏమన్న చప్పుడైందా?”

“కట్టెల లారీ.”

“సరే.”

“అక్కా, వాళ్లు నా వేళ్లు కోసేస్తరా?”

“ఎవరూ ఏం కొయ్యరు. గోలీలిస్తరు, గంతే. ఆర్నెల్లో, రెండేండ్లో. ఒక్క దినం గూడ తప్పొద్దు. మింగినంక మూత్రం ఎర్రగొస్తది, చూసి భయపడకు.”

“యాడికి చెప్తవా?”

“నేనే చెప్త. మెల్లగ చెప్త. మూత తియ్యి... పట్టుకారుతోటి.”

“అయ్యో, పక్కలకు పగిలినయ్!”

“పగలాలె. పగిలితేనే మంచిగ పొంగినట్టు. అదియ్యి, నీ చేతుల ఉన్నది.”

“వద్దు, ఇంకోటి తీసుకో. గిది నేను ముట్టిన.”

“గదే ఇయ్యి. ఉఫ్... కాలుతుంది. మంచిగైందే! జర తీపి తక్కువైంది గని, మంచిగైంది.”

“తిన్నవా? నీకు భయం లేదా? నీకొస్తే?”

“మందు మింగుతుంటే ఎవరికీ అంటదు. నయమైతది, హేమ్లీ. పూర్తిగ నయమైతది.”

“నీకేం తెల్సు? నువ్వు వంటమనిషివి, డాక్టరువు కాదు. ఊకె నన్ను ఊరడిస్తున్నవ్.”

“జీపు ఆగింది. లే, చేతులు కడుక్కో.”

“లెవ్వ. నీకెట్ల తెల్సో చెప్తేనే లేస్త.”

“మూడేండ్ల కింద బాపు నన్ను ఆ దవాఖానాల దించి వచ్చింది వంట పనికి కాదే. ఇగో, నా భుజం చూడు, నీ మచ్చసొంటిదే గిక్కడ ఉండె. ఎక్కడుండెనో ఇప్పుడు నాకే దొరుకుతలేదు.”