వెంట్రుక మేస్త్రీ కట్టిన లేత్ మిషను

ఏంటమ్మాయ్, నువ్వే కడతావా? ఇంట్లోనే? కంప్యూటర్ చెప్తే తిరిగే లేత్ మిషనా? నవ్వడం లేదు తల్లీ, నేనెందుకు నవ్వుతాను. మేడ మీద అద్దెకున్నావు కదా, ఆ చప్పుడంతా నా నెత్తిన పడుతుందనీ కాదు. మోటారు సంగతి అడగడానికి వచ్చావు, మంచిదే, జన్మంతా మోటార్లకి తీగ చుట్టి బతికినవాణ్ణి. చెప్తాను. ముందు కూర్చో. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇదిగో ఈ చెక్కపెట్టె మీద కూర్చో. మా బావ కూడా ఇలాంటిదే ఒకటి కట్టాడు. మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందు మాట. అప్పుడు ఇలా ఫోన్లో చూసి నేర్చుకునే వీలెక్కడిది? ఒక్కో ముక్కా తడుముకుంటూ కట్టాడు.

మా బావ టర్నరు. లేత్ మీద ఇనప కడ్డీని చెక్కి పంపులకీ మిల్లులకీ షాఫ్టులు చేసేవాడు. అలాంటి ఇలాంటి పనివాడు కాదు. "ఇంకో వెంట్రుక తీస్తే సరి" అనేవాడు, ఆ వెంట్రుకంత తీసేవాడు, షాఫ్టు వెళ్ళి బేరింగులో చప్పుడు లేకుండా కూర్చునేది. అందుకని అందరూ వెంట్రుక మేస్త్రీ అనేవారు. నెత్తి మీద చూస్తే ఒక్కటి లేదు! మా అక్క ఎవరడిగినా అదే చెప్పేది, "ఉన్నవన్నీ ఆ మిషను మీదే ఖర్చుపెట్టేశారండీ, ఇంటికి మిగల్లేదు" అని. మనిషి మాత్రం నిక్కచ్చి. షెడ్డులో ఎవరైనా ఈల వేస్తే బయటికి నడవమనేవాడు. సాయంత్రం మిషను తుడిచి, నూనె రాసి, చెక్కితే రాలిన ఇనప రజనంతా ఊడ్చి ఎత్తందే చేతులు కడుక్కునేవాడు కాదు. అక్కడ నాకు ఆయనంటే గౌరవం. పని చేసిన చోటు తుడవని మనిషిని నేను నమ్మను. నువ్వూ గుర్తుపెట్టుకో.

ఆయన పక్కన రెండో మేస్త్రీ అని ఒకతను ఉండేవాడు. నా ఈడువాడే, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. నోట్లోంచి మాట వస్తే ఆ రోజు పండగే. మా బావ దగ్గరే పని మొదలుపెట్టాడు, మా బావ ఎలా నిలబడితే అలా నిలబడేవాడు, మా బావ ఎలా దగ్గితే అలా దగ్గేవాడు. వెనక నుంచి చూస్తే నెత్తిని బట్టి ఎవరు ఎవరో పోల్చుకోవాలి. అలాంటివాణ్ణి ఒకరోజు పంపించేశాడు. ఏం జరిగిందంటే, ఒక పెద్ద పంపు షాఫ్టు వచ్చింది. రెండో మేస్త్రీ చాలావరకు చెక్కి, చివరి కోత మిగిల్చి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి షాఫ్టు సన్నబడిపోయి ఉంది. బేరింగు తొడిగితే గలగలమని ఆడుతోంది. ఆ పంపు యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. మా బావ షాఫ్టుని బల్ల మీద పడేసి, "ఏం చేశావురా ఇది? ఇన్నేళ్ళు నేర్పింది ఇందుకా?" అన్నాడు. అతను కొలిచి చూశాడు, మళ్ళీ కొలిచాడు, "నేను మిగిల్చే వెళ్ళాను మేస్త్రీగారూ" అన్నాడు. "మిగిలిస్తే ఏదీ? నేను మింగానా?" అన్నాడు మా బావ. అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎక్కడో వ్యాను నడుపుతున్నాడని విన్నాం. మళ్ళీ లేత్ ముట్టలేదట. ఎవరైనా పనికి పిలిస్తే "నా చేతికి కొలత పోయిందండీ" అనేవాడట.

ఆ వెంటనే మా బావకి ఈ పిచ్చి పట్టింది. వచ్చిన పనులు వెనక్కి పంపేసేవాడు. "ఇక చేత్తో చెక్కేది లేదు, కంప్యూటర్‌తో చెక్కిస్తా" అనేవాడు. మూతపడిన ఫోటో స్టూడియో నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు, పచ్చగా అయిపోయింది అది, ఫ్యాను తిరిగితే పిల్లి గురక. మోటార్లు నేనిచ్చాను. మామూలువి కాదు, కంప్యూటర్ ఎంత తిరగమంటే అంతే తిరిగి ఆగే రకం, పాడైపోయిన ప్రింటింగ్ మిషన్లలోంచి పీకినవి. మిషను అదరకుండా ఉండాలని ఇనప పెట్టెలో కాంక్రీటు పోశాడు. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "మేస్త్రీగారూ, మీ సమాధి మీరే కట్టుకుంటున్నారేంటి?" అన్నాడు. "నీకూ కొంచెం చోటు ఉంచుతున్నాలే" అన్నాడు మా బావ. అలా ఉండేవాడు. నేను మాత్రం లోపల మెచ్చుకునేవాణ్ణి. ఆ వయసులో కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, కోసే టూలు ఇంత జరగాలి, ఇంత లోపలికి పోవాలి, ఇక్కడ ఆగాలి అని ఒక్కో అడుగూ కంప్యూటర్‌కి ఒక వేలితో కొట్టేవాడు. తప్పు కొడితే చెరిపి మళ్ళీ కొట్టేవాడు. విసుక్కోవడం చూడలేదు.

కట్టడం అయ్యింది. తిరిగింది కూడా. కానీ ముక్క కుదర్లేదు తల్లీ. వెంట్రుక దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒక ముక్క కొంచెం లావు, ఇంకోటి ఇంకొంచెం లావు. పొడుగుది చేస్తే మరీను. విప్పాడు, బిగించాడు, స్క్రూ మార్చాడు, నట్టు మార్చాడు. ఆఖరికి నా దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్ బామ్మర్దీ, నీ మోటారు అడుగు తప్పుతోందిరా, చెప్పినంత తిరగడం లేదు." నా మోటారు మీద మాట పడితే ఊరుకుంటానా? వెళ్ళి దాన్ని పరీక్ష చేశాను, శుభ్రంగా ఉంది. ఆయన ఒప్పుకోడు. "నీ మోటారే." "నా మోటారు కాదు." "నీదే." ఇద్దరం గొంతులు పెంచాం. అప్పుడు నేనన్నాను, "ఎందుకు బావా ఈ గోల, నీ పాత లేత్ అక్కడే ఉందిగా, ఇదే ముక్క చేత్తో చెక్కు. నువ్వేం చేస్తున్నావో, ఆ కంప్యూటర్ ఏం చెయ్యడం లేదో పక్కన నిలబడి నేను చూస్తాను" అని. న్యాయమైన మాటే కదా? ఆయన వద్దన్నాడు. నడుం నొప్పన్నాడు. చూపు ఆనడం లేదన్నాడు. నేను వదల్లేదు, పాత లేత్ మీద కప్పిన గుడ్డ లాగేసి ఆన్ చేశాను.

టూలుని జరిపే చక్రం మీద చెయ్యి వేశాడు. ఆ పిడి టకటకటక కొట్టుకుంది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకున్నాడు, అదీ వణికింది. మా అక్క టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. గ్లాసులో టీ సగమే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. ఎప్పట్నుంచో ఆయనకి సగం గ్లాసే ఇస్తోంది, ఒలికిపోకుండా. నేను పిసినారితనం అనుకున్నాను. ఆయన ఈవిడకి తెలియదనుకున్నాడు, ఈవిడ తెలిసినట్టు కనపడనివ్వలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర. ఇద్దరూ మంచివాళ్ళే, ఏం లాభం? జబ్బు సిగ్గుపడే విషయమా? దాచడం సిగ్గుపడే విషయం. చెయ్యి పూర్తిగా పోయేలోపు తన చేతిని ఆ మిషనులో పెట్టేద్దామనుకున్నాడు, అదీ ఆయన తాపత్రయం. మంచి ఆలోచనే. కానీ తన చెయ్యి ఏం చేసేదో తనకే తెలియదు! చెయ్యి చేసుకుపోయేది, ఈయన చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే చెయ్యి లేదు.

మా అక్క టీ అక్కడ పెట్టి ఒకటే మాట అంది. "రెండో మేస్త్రీని పిలిపించండి. మీ చెయ్యి అతని దగ్గరుంది." మా బావ మిషను ఆపేశాడు. నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. రానంటాడేమో అనుకున్నాను. వ్యాను పక్కకి ఆపి, చేతులు కడుక్కుని మరీ వచ్చాడు. "నా చెయ్యి బాగాలేదు మేస్త్రీగారూ, ఇంకో ముక్క పాడుచేస్తానేమో" అన్నాడు. "ఫర్లేదు, చెయ్యరా" అన్నాడు మా బావ. అతను పాత లేత్ దగ్గర నిలబడ్డాడు, అచ్చం మా బావలాగే, ఒక కాలు ముందుకి పెట్టి. చెక్కాడు. కొలత దగ్గరికి వచ్చాక టూలుని ఇంక లోపలికి దించకుండా, ఊరికే ఇంకోసారి అదే దారిలో పోనిచ్చాడు. ఏమీ తెగనట్టే ఉంది, కానీ పొడిలాంటి రజను కొంచెం రాలింది. "అదెందుకురా?" అన్నాడు మా బావ. "ఏమో మేస్త్రీగారూ, మీరు చేసేవారు, నేనూ చేస్తాను. కోతకి కడ్డీ కొంచెం వంగి తప్పుకుంటుంది కదా, మళ్ళీ పోనిస్తే ఆ మిగిలింది పోతుందేమో." బేరింగు తొడిగాం. చప్పుడు లేదు. మా బావ వెళ్ళి కంప్యూటర్‌లో ఆ ఒక్క వరస ఎక్కించాడు, ఊరికే ఇంకోసారి పొమ్మని. ఆ సాయంత్రం మిషను మొదటిసారి సరైన ముక్క చేసింది. నేను చప్పట్లు కొట్టాను, అబద్ధం ఎందుకు.

అతను ఆ ముక్క పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు మా బావ. ఆ భోజనం వేళ చివరి కోత తను పెట్టాననీ, వణికింది తన చెయ్యేననీ. నోరు తెరిచాడు కూడా. నేను ఆయన మొహమే చూస్తున్నాను. "టీ తాగి వెళ్ళు" అన్నాడు. అతను తాగాడు, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. అప్పటికి నాకేం తెలుసు, పాపం పెద్దాయన పొగడలేక పోతున్నాడు అనుకున్నాను. ఆ తర్వాత మిషను బాగానే తిరిగింది, అన్ని ముక్కలూ ఒక్కలా వచ్చేవి. అయినా మా బావ దాని దగ్గర నిలబడేవాడు కాదు. ఆన్ చేసి బయటికొచ్చి కూర్చునేవాడు. "చూడవేం బావా?" అంటే, "వాడు చేసుకుంటాడులే" అనేవాడు. వాడంటే కంప్యూటర్ అనుకున్నాను.

మంచంలో పడ్డాక ఆ షాఫ్టు సంగతి మా అక్కకి చెప్పాడు. "నువ్వు చెప్పు వాడికి" అన్నాడట. చూశావా? చేసింది తను, చెప్పాల్సింది ఈవిడ. మా బావ మీద నాకెంత గౌరవం ఉన్నా ఇది మాత్రం నేను ఒప్పుకోను. రోజూ రజను ఎత్తి పోసిన మనిషి, ఇది ఒక్కటి ఎత్తలేకపోయాడు. ఆయన పోయాక, అందరూ వచ్చి వెళ్ళాక, మా అక్క నన్ను తోడు తీసుకుని రెండో మేస్త్రీ ఇంటికి వెళ్ళింది. అతను వాకిట్లో వ్యాను చక్రం మారుస్తున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. మా అక్క నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ షాఫ్టు నువ్వు పాడుచెయ్యలేదు నాయనా, ఆయనే చేశారు" అంది. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తిడితే పడదామనే వెళ్ళాం. అతను చేతికున్న గ్రీజుని గుడ్డతో తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత మా అక్క వైపు కాదు, ఆ చేతి వైపే చూస్తూ అడిగాడు.

"అయితే ఇది బాగానే ఉండేదా అమ్మా?"

...

లే తల్లీ, లే. ఆ పెట్టె మీద దుమ్ముంది, బట్టలు పాడవుతాయి.