రేకుల దుమ్ముకి బెల్లంముక్క

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా, కృత్తివెన్నులో రొయ్యల చెరువుల దగ్గర షెడ్లు కట్టే కొండయ్య సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళుగా సిమెంటు రేకులు మిషనుతో కోసి కోసి అతనికి దగ్గు పట్టుకుంది. ఆ పొద్దున చెరువుగట్టు ఎక్కలేక ఆయాసంతో కూలబడేసరికి, భార్య నాంచారమ్మ పరుగున వచ్చి పట్టుకుంది.

“మావా, ఇవాళ బందరు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.”

“ఎందుకే? రోజూ పని దిగాక బెల్లంముక్క తింటన్నా కదా. దుమ్మంతా అదే కిందకి లాక్కుపోద్ది.”

“దుమ్ము వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం వెళ్ళేది పొట్టలోకి. రెండూ ఎక్కడ కలుసుకుంటాయి, బస్టాండులోనా?”

“మా మేస్త్రి చెప్పాడే!”

“ఏడీ మీ మేస్త్రి?”

“దగ్గెక్కువై పని మానేశాడు.”

“మరి ఆయన తిన్న బెల్లం ఏమైందంట?”

జవాబు తప్పించుకోవడానికి కొండయ్య దగ్గు నటించబోయాడు. నిజం దగ్గే వచ్చింది. అది ఆగేదాకా నాంచారమ్మ అతని వీపు నిమురుతూనే ఉంది.

“ఆ రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ పీచు లోపలికి దిగితే ఇక బయటికి రాదని ఆశా వర్కరు చెప్పింది. ఇక కొయ్యొద్దు మావా. ఎక్స్‌రే ఫోటో తీయిద్దాం పద.”

“ఫోటోలో దుమ్మొక్కటే కనపడుద్దా, బెల్లం కూడానా?”

“ఏం?”

“ముక్కని చెప్పాగానీ, రోజుకో అచ్చు బెల్లం లాగిస్తన్నా. షుగరుండగా ఏంటని తిడతావని...”

“తిట్టను. ముందు బండెక్కు.”

తిట్టింది. బందరు వెళ్ళేదాకా ఆపకుండా తిట్టింది. తిట్లు తినడానికి ఆ మనిషి పదికాలాలు ఉండాలని ఆవిడ తాపత్రయం. మీ వీధిలో ఎవరైనా రేకులు కోసి బెల్లం చప్పరిస్తుంటే, ఈ సంగతి మరిచిపోకుండా చెప్పండర్రా.