మగరాయి ఎత్తిన సుంకులమ్మ

సుంకులమ్మకు కోపమొస్తే వీధంతా తలుపులేసుకునేదంట. నవ్వబాకండి, ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఏమైందంటే, ఆ ఊర్లో ఒక గుండ్రాయి ఉండె, దాన్ని మగరాయి అనేటోళ్ళు. ఉగాది నాడు ఇంటికొకడు వచ్చి దాన్ని ఎత్తి భుజం దాటించాల. దాటిస్తే కాలవ నీళ్ళు ముందు ఆ ఇంటి చేనికి. ఎత్తలేనోళ్ళకు, అందరూ పారగట్టుకున్నాక మిగిలితే మిగిలినట్టు, లేకుంటే లేదు. సుంకులమ్మ మొగుడు తిప్పన్న బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండేండ్లు రాయి ఎత్తేటోడు లేక, నీళ్ళు రాక, మిరపచెట్లు నిలువునా ఎండిపాయె. ఇట్నే ఎండుతాపోతే పిల్లల్ని చంకనేసుకోని వలస పోవాల్సిందే అనుకో.

ఆ ఉగాదికి ఈమే పోయింది. నేనెత్తుతా, జరగండి అనింది. రాయి కదల్లా. ఊరిపెద్ద గోవిందప్ప పగలబడి నవ్వి, "ఏమ్మే, రోకలనుకున్యావా? పో, పోయి సంగటి కెలుక్కోపో" అన్యాడంట. వాని నోట్లో మన్నుపడ! ఆ కసితో ఇంటికొచ్చి దొడ్లో రోలు పట్టుకోని లేపింది. కళుక్కుమనింది నడుము. ఎనిమిది దినాలు మంచం దిగలా. అత్త మాదక్క బావులు తవ్వేటోళ్ళింట్లో పుట్టినామె, చిన్నప్పటినుంచీ రాళ్ళు మోసిన ఒళ్ళు. కోడలి నడుముకు కాపడం పెడతా ఏమనిందంటే, "కోపం సూసి ఒళ్ళు బెదరదే పిల్లా. రవంత రవంత అడుగు, అదే ఇస్తాది" అనింది.

ఇంగ సూడండి. గంపలో ఇసక పోసుకోని ఎత్తేది, దించేది. సంత సంతకూ ఒక శేరు ఇసక ఎక్కువ. ఒకనాడు ఎత్తితే మర్నాడు ఎత్తకూడదు, అది మాదక్క ఆజ్ఞ. మొదట్లో తొడలు వణికె, చేతులు బొబ్బలెక్కె, ఆయాసం ఆగకపాయె. నెలకంతా బొబ్బలు కాయలు కాసినాయి. అదే గంప తేలిగ్గా లేస్తాంటే, ఎవురే ఇసక తీసిందని పిల్లల్ని తిట్టిందంట! ఇసక తగ్గలేదమ్మా, నువ్వే గట్టిపడినావు. నడిమద్దెన రెండు నెలలు ఎంత గుంజినా గంప పైకి పోలా. దాన్ని ఎగిచ్చి తన్ని, నా ఒళ్ళు పనికిమాలిన ఒళ్ళు అని ఏడ్చింది. మాదక్క ఉలవ గుగ్గిళ్ళు ముందర పెట్టి, "తిని పండుకో. ఎత్తేటప్పుడు ఒళ్ళు అరుగుతాది, పెరిగేది పండుకున్నప్పుడే" అనింది. నాలుగు దినాలు తిని, పండుకోని, లేచి ఎత్తితే గంప లేచింది.

మళ్ళీ ఉగాది వచ్చె. గోవిందప్ప కొడుకు ఓబులపతి ముందొచ్చినాడు. వానికి ఏడాదికొక దినం రాయి, తతిమ్మా దినాలు అరుగు మీద పులిజూదం. రాయి మోకాటి దాకా లేచి దబ్బున పడె. "మోకాలు దాటింది, సాల్లే" అన్యాడంట వాళ్ళ నాయన. అన్యాయం కాదా? సుంకులమ్మ కొంగు బిగించి, రాయిని ఒళ్ళోకి తీసుకోని, అక్కడ్నుంచి రొమ్ము మీదికి, భుజం మీదికి తెచ్చి ఎనక్కేసింది. గోవిందప్ప గొంతు సవరించుకోని, "కట్టుబాటులో ఎత్తినోనికి నీళ్ళన్యారు గానీ, ఎత్తినామెకు అన్లా" అన్యాడు. మొగాన ఉమ్మేయాల అట్టాటోని!

సుంకులమ్మకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి, ఏడుపు కాదు అది, మంట. మల్లా రాయి ఎత్తి భుజాన పెట్టుకోని నడిచింది. ఊరంతా ఎనకాలే. నేరుగా పోయి, కాలవలో తన చేను దాటినాక దభీమని పడేసింది. అది ఇరుకు కాలవ, పూడిపాయె, నీళ్ళన్నీ మళ్ళి ఆమె చేన్లోకి పారె. "ఎత్తినోనికే కదా నీళ్ళు? రాండి, ఎత్తుకోండి. ఒక్కడే ఎత్తాల, నలుగురు పడితే మీ కట్టుబాటు ఒప్పదు" అనింది. ఓబులపతి దిగె, జారి బురదలో కూలబడె. ఇంగొకడు దిగె, వానిదీ అదే గతి; గట్టినేల మీద ఏడాదికొకసారి ఎత్తేటోళ్ళకు బురదలో కాలు నిలవలా. పొద్దు వాలేదాకా దిగని మొగోడు లేడనుకో. గోవిందప్ప గట్టు మీద చేతులు పిసుక్కుంటా, "తల్లీ, తీయమ్మా, కింద చేన్లు ఎండిపోతాయి" అన్యాడంట. "నాది మూడేండ్లు ఎండింది. అప్పుడు యాడ పండుకున్యావు? ఇంగ రాయి గీయి లేదు, చేను పక్క చేనికి వరసన పారాల. ఒప్పుకుంటే తీస్తా" అనింది. ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఏమబ్బీ, నవ్వుతాండావు? నీ పెండ్లాం దినామూ రెండు బిందెలతో ఆ గట్టెక్కుతాది. ఆ ఒళ్ళు ఏం నేర్చుకుంటాండాదో ఎప్పుడన్నా సూసినావా? కతైపోయింది, లెయ్. పోయి ఆ బిందెలందుకో.