మరియమ్మ పడ్డ నొప్పులు

నైజీరియాలో, ఇబాదాన్ నగరంలోని ప్రసూతి ఆసుపత్రి వరండాలో, నొప్పులు పడుతున్న కోడలి నడుము నిమురుతోంది అత్తగారు. ముస్లిమైన తన కొడుకును ఈ క్రైస్తవుల పిల్ల చర్చిలో పెళ్లి చేసుకుందన్న కోపంతో ఆవిడ ఏడాదిగా కోడలితో మాట్లాడలేదు. కొడుకు రషీదీ లారీ తోలుకుంటూ దూరాన కానో నగరానికి వెళ్లాడు గనుక ఈరోజు తోడుగా రాక తప్పలేదు.

“అత్తయ్యా, దీనికంటే చచ్చిపోయినా బాగుండేది!”

“మర్యమ్ కూడా అదే మాట అందే. ఖర్జూర చెట్టు మొదట్లో, ఒంటరిగా నొప్పులు పడుతూ.”

“మా మరియమ్మేనా? బైబిల్లో పశువుల తొట్టి ఉంది గానీ చెట్టు లేదు.”

“ఖురాన్‌లో ఉంది. ఆమె కాళ్ల దగ్గర దేవుడు నీళ్లు పారించాడు, తినడానికి చెట్టు నుంచి ఖర్జూరాలు రాల్చాడు. ఇదిగో, ఈ ఖర్జూరం నములు.”

“ఆవిడ కన్నది మెస్సీయనని ఒప్పుకుంటారా?”

“మసీహ్ అనే మేమూ అంటాం. తండ్రి లేకుండా పుట్టాడు, మళ్లీ వస్తాడు. కానీ ఆయన ప్రవక్త, దేవుడి కొడుకు కాడు.”

“కొడుకే! మా కోసం సిలువ మీద చనిపోయాడు.”

“చనిపోలేదు. దేవుడే పైకి తీసుకున్నాడు.”

“నొప్పుల్లో కూడా వాదనేనా? అబ్బా!”

“మొదలెట్టింది నువ్వే.”

“సిలువ సంగతి నేను ఒప్పుకోను. ఆ చెట్టు కథ మాత్రం మళ్లీ చెప్పండి.”

“చెబుతా. పాపం, మర్యమ్‌కు పక్కన అత్త లేదు. నీకుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకో.”

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం సిలువ మీద వాదన మళ్లీ మొదలైంది. కాకపోతే, బిడ్డ నిద్రపోతోందని ఇద్దరూ గొంతు తగ్గించి వాదించుకున్నారు.