పొదుగేసిన గుడ్లు

ఏందమ్మా పద్మలతా, పొద్దటి సంది చూస్తాన్న, ఆ పసిపిల్లకు ఒట్టి చారన్నమే పిసికి పెడ్తానవు. అంగన్‌వాడీల ఇచ్చిన గుడ్డేది? మొగని పల్లెంల వేసినవా? నవ్వకు. నవ్వే ముచ్చట కాదిది.

మా పెద్దన్న కట్టయ్య అని ఉంటుండె, నువ్వు ఈ ఇంటికి రాకముందే పోయిండు. హసన్‌పర్తి అవతల ఇల్లు. మాటంటె మాటే, ఒకరి సొమ్ము ముట్టెటోడు కాదు. జర చాయ పొయ్యి... ఆఁ, చాలు. కోడలు సుభాషిణి పత్తి ఏరవోతె మనుమడు ఉదయ్‌ని ఆయనే చూసుకునేది. పిల్లగాడు అప్పుడప్పుడే అన్నం ముడుతాండు. "మామా, అంగన్‌వాడీల ఇచ్చిన గుడ్డు ఉడకవెట్టి అన్నంల మెదిపి పెట్టు" అని చెప్పి పోయేది పాపం. ఈయనేమో "పండ్లు రాని నోటికి నీసేంది? అరుగది, నాలుక మొద్దువడ్తది" అనుకున్నడు. పారేస్తడా మరి? పారెయ్యడు. పొదుగు మీదున్న కోడి కింద వెట్టిండు! మనుమడు నడిచేసరికి కోళ్లు మందైతయని ఆశ. పొద్దుమీకి కోడలు అడిగితె, "తిన్నడు బిడ్డా, ఇంకింత పెట్టుమని నోరు తెరిచిండు" అంటుండె. పచ్చి అవద్ధం.

తూకమేస్తె పోరడు పెరుగుతలేడు, కాళ్లు పుల్లలోలె. అంగన్‌వాడీ టీచరు అందరి ముంగట, "గుడ్లు నువ్వే తింటానవా సుభాషిణీ?" అన్నది. ఆ పిల్ల సీదా ఇంటికొచ్చింది. వాకిట్ల అడుగువెట్టంగనే టప్పుమని గంపల గుడ్డు పేలింది, ఒకటే కంపు. కోడిని లేపి చూస్తె అన్నీ మురిగినయి. పక్కింటి మొగిలి కడుపు పట్టుకొని నవ్వవట్టె: "ఓ కట్టన్నా, ఫారం కోడి పుంజు మొఖమే చూడదు, గుడ్డు పిల్లెట్లైతదే!" సుభాషిణి నవ్వలే, ఏడ్వలే. "నా కొడుకు నోటికాడిది కోడి కింద వెట్టినవా మామా?" అన్నది. అంతే. మా అన్న తల దించుకున్నడు. తోడవుట్టినోళ్లం మేమూ దించుకున్నం. చెప్పాలంటె ఇప్పటికీ సిగ్గే.

తెల్లారి నుంచి పోరన్ని సంకనేసుకొనే చేనుకు పోయింది. గుడ్డు, కోడి కార్జం, పాలు, అన్నీ తన చేతితోనే తినవెట్టింది. పోరడు కోలుకున్నడు గాని ఎత్తు మాత్రం ఈడు పిల్లల చెవుల కాడికే. మామకు వేళకు ఇంత బువ్వ పెట్టింది, ఆమెను తప్పు వట్టద్దు. పిల్లగాన్ని మాత్రం ఇయ్యలే. ఆయన అరుగు మీద కూసుండి, "ఒక్కసారి ఇయ్యి బిడ్డా" అని చేతులు చాపుతుండె. ఇనవడనట్టే పోయేది. పాణం వొయ్యేదాక ఆ పోరన్ని ఆయన మల్ల ఎత్తుకోలే.