అల్వాల్ పోవాల్సిన కారు

ఏందీ సారూ గీ పరేషాన్? దండ మళ్ల తెచ్చిండ్రా? సన్మానం మీటింగుకు రానని నిన్ననే చెప్పంపిన కద. మోండా మార్కెట్ల పూలన్నీ మీరే కొన్నట్టుండ్రు. ఆడ పెట్టుండ్రి, ఆ టైరు మీద. అయ్యో, తెల్ల ధోతి! ఆ స్టూలుకంత నూనె ఉంది, జెర గీ గోనెసంచి ఏసుకొని కూసోండ్రి.

గా గోడ మీద కాయితం చూసిండ్రా? మీవాళ్ళే అంటించిండ్రు. 'జాలిమ్ నాయబు కారును ఐదు దినాలు ఆపి, అల్వాల్ సదాశివ మాస్టరు ప్రాణం కాపాడిన వీరుడు మెకానిక్ యెషయా.' మీ ప్రాణం కాపాడిన వీరుడినంట నేను! మా ఇంటామె దేవకృప నా పెండ్లి కోటు తీసి ఇస్త్రీ చేసి పెట్టింది. బొత్తాలు పెట్టుకుంటె ఊపిరాడుతలేదు.

నా మాట జెర ఇనుండ్రి. ఇన్నంక దండ ఎయ్యాల్నా వద్దా మీ ఇష్టం.

సోమవారం పొద్దుగాల వచ్చింది ఆ కారు. ఇండియన్ యూనియన్ ఫౌజు నిజాం మీదికి సోలాపూర్ దిక్కుకెళ్ళి బయలెల్లిందని ఊరంత గుసగుసలు పెడుతున్న దినమే. పన్నెండేండ్ల బండి, కంటోన్మెంటుల ఎవరో తెల్లదొర వాళ్ళ దేశం పోవుకుంట నాయబుకు అమ్మిండు. నాయబు సంగతి మీకు నేను చెప్పాల్నా? జాగీరు పెత్తనమంత చేతుల ఉన్నోడు. మీరు తన మీద పైకి అర్జీ రాసిండ్రని పండ్లు కొరుకుతుండె.

రేడియేటర్ నిండ నీళ్ళు పోస్తె కార్ఖానా బస్తీ దాటకముందే సగం ఖతం. ఇంకింత పోతె పొగలే పొగలు. వంగి చూస్తె నేల మీద చుక్క లేదు. ఇంజన్ ఆయిల్ల కలిసినయా అంటె, కలువలే. మరి నీళ్ళు ఏడికి పోతున్నయ్ సారూ?

మంగళవారమంత తవుడుతోనే పోయింది. చిల్లు పూడుతదని ఎవరో చెప్తె, నాయబు డ్రైవరు రేడియేటర్ల తవుడు పోసిండు. చిల్లు పూడలే గని, లోపట గొట్టాలన్నీ అంబలి. ఇనుప పుల్లతోని గీకి గీకి నా గోర్లు అరిగినయ్. ఇప్పుడు మీటింగులల్ల ఏం చెప్తున్నరు? దుష్మన్ బండిని ఖరాబు చెయ్యనీకె యెషయానే తవుడు పోసిండు అని! నేనా? నా చేతుల మీద ఒక బండి ఖరాబైతదా?

బుధవారం రేడియేటర్ ఇప్పి, నీళ్ళ తొట్టిల ముంచి, సైకిల్ పంపుతోని గాలి కొట్టిన. ఒక్క బుడగ రాలే. రబ్బరు పైపులు మార్చిన. నీళ్ళ పంపు ఇప్పిన, బిగించిన, మళ్ల ఇప్పిన. దాన్ని నాటకం అంటున్నరు మీవాళ్ళు. నాటకమా సారూ? ఇరవై రెండేండ్లు పానా పట్టినోడిని. నాకు దొరకని లీకా అని రెండు దినాలు అన్నం సయించలే.

ఏమన్నరు? ఆ కారు ఎందుకోసమో నాకు తెల్వదు కద అనా? జెర ఆగుండ్రి. చాయ్ చెప్పాల్నా? వద్దా? సరే.

గురువారం అంగళ్ళన్నీ బంద్. నాకు బంద్ లేదు. పొద్దంత బండి కిందనే పండుకున్న. మాపటికి ఇంటికి పోతె, నా అంగీ మీద పసుపు మరక ఎంత ఉతికినా పోతలేదని దేవకృప గులుగుతుంది. టక్కున తట్టింది నాకు! నీళ్ళు ఆరిపోతయ్ గని పసుపు ఏడికి పోతది?

శుక్రవారం వంటింట్ల డబ్బ తెచ్చి, పసుపంత రేడియేటర్ల కలిపి ఇంజన్ షురూ చేసిన. గడ్డం గీసుకునే అద్దం పట్టుకొని ఇంజన్ ఎనుక సందుల పెట్టిన. చెయ్యి సుత సక్కగ దూరదు ఆడ. అద్దంల చూద్దును గద... సన్నగ, పచ్చగ, ఒక్క గీత!

ఇంజన్ ఎనుక పక్క గుండ్రటి రేకు బిళ్ళ ఒకటుంటది, నీళ్ళు బయటికి రాకుంట మూసెటిది. తుప్పు పట్టి దానికి సూది మొనంత చిల్లు. ఆ చుక్కలు పోయి పొగగొట్టం మీద పడుతున్నయ్, కాలి ఆవిరైతున్నయ్. ఇగ నేల మీదికి ఏడికెళ్ళి వస్తయ్? గీ వయసుల ఎగిరి గంతేసిన సారూ, ఎవరన్న చూస్తె నవ్విపోదురు.

కొత్త బిళ్ళ ఏడ దొరుకుతది, బజారు బంద్. జేబుల నిజాం సర్కారు హాలీ రూపాయి ఉండె. ఇంజన్ బోల్టులు వదులు చేసి ముందటికి జరిపి, ఆ రూపాయికి సుత్తితోని సొట్టవెట్టి, నీళ్ళు కారకుంట అంచుకు సఫేదా ముద్ద పూసి లోపటికి కొట్టిన. అచ్చం దానికోసమే పుట్టినట్టు కూసుంది. సర్కారు పోయింది గని సర్కారు రూపాయి ఇంక నీళ్ళు ఆపుతనే ఉంది. ఇప్పుడా కారుల యూనియన్ మేజర్ సాబ్ తిరుగుతుండు, చుక్క కారుతలేదు.

అవు సారూ. బాగు చేసిన. శుక్రవారం మూడు గంటలకల్ల బండి తయార్. మీ కాయితంల గిది రాయలే.

ఇంకా ఉంది. ఆళ్ళే వచ్చి తీసుకపోతరని ఊకోలే నేను. కడిగిన, తుడిచిన, నేనే నడుపుకుంట నాయబు బంగ్లకు పోయిన. గేటు ముందట నిలబడి ఆరన్ కొట్టిన. ఎందుకు? 'షాబాష్ యెషయా' అని ఆయన నోటితోని ఇనాలె, గంతే. ఆయన పొద్దుగాలనే టాంగా కట్టించుకొని పారిపోయిండని చౌకీదారు చెప్పిండు. అయినా కొట్టిన. మీ ఇంటికి రానీకె టాంగా ఆయన షాన్‌కు తక్కువైంది గని, పారిపోనీకె సరిపోయింది చూసిండ్రా? ఐదింటికి ఇరానీ హోటల్ల రేడియో మొత్తుకుంది, లడాయి బంద్ అని.

ఆ మొకం ఎందుకట్ల పెట్టిండ్రు? అడుగుండ్రి. వద్దు, నేనే చెప్త.

ఆ కారు ఎందుకోసమో తెలుసు సారూ. బుధవారం మాపు నాయబు వచ్చి బానెట్ మీద బెత్తంతోని కొట్టి, 'జల్దీ కర్, అల్వాల్ పోవాలె, ఆ సదాశివ మాస్టర్ను ఎత్తుకరావాలె' అన్నడు. రెండు చెవులతోని విన్న. మా బిడ్డ మేబెల్‌కు లెక్కలు నేర్పిన మాస్టరని ఎరికె. ఎత్తుకపోయినోళ్ళు తిరిగి వస్తలేరని సుత ఎరికె. 'రేపటికల్ల అయితది హుజూర్' అన్న.

ఇంటికి పోయి దేవకృపకు చెప్పిన. ఆమె మోకాళ్ళ మీద పడ్డది. మీ పేరు పెట్టి ఏడ్చింది, 'ప్రభువా, ఆ బండిని కదలనియ్యకు' అని. నేను పక్కనే మోకరించిన. కండ్లు మూసుకొని లోపట్లోపట ఏమడిగిన్నో చెప్పాల్నా? 'ప్రభువా, ఆ లీకు చూపెట్టు.' ఇద్దరం కలిసే ఆమెన్ అన్నం.

ఇద్దరిదీ విన్నడు సారూ ఆయన. ఆమెది జెర ముందు విన్నడు. గా తేడాల మీరు బతికిండ్రు.

ఆ దండ ఏస్తె ఆమెకు ఎయ్యుండ్రి, ఇంట్లనే ఉంది. కాయితం చింపుతరో ఉంచుతరో మీ ఇష్టం. కానీ ఒక్కటి, యెషయాకు లీకు దొరకలే అని మాత్రం ఏడ చెప్పకుండ్రి.

ఏందీ? మళ్ల అసోంటి కారే వస్తె ఏం చేస్తవంటరా?

మీ ముందట అబద్ధమెందుకు సారూ. ముందుగాలైతె, నీళ్ళు ఏడికి పోతున్నయో చూస్త.